ఊటీ నుంచి తెచ్చిన నీలం

మా క్వార్టర్ గేటు ముందు ఆగి "గిది అసలు పువ్వేనా, ప్లాస్టిక్‌దా?" అని అడగనివాళ్లు మా లైన్‌లో లేరు. అడిగి ఊరుకుంటే బాగుండు. చేయి చాపి రేకు గిల్లి చూస్తారు. నేను గిల్లనివ్వను. ఎండాకాలం డాంబరు రోడ్డే మెత్తబడే గోదావరిఖనిలో ఒక చలిదేశపు మొక్కను బతికించుకోవడానికి పడ్డ పాట్లు నాకు తెలుసు, గిల్లేవాళ్లకేం తెలుసు? దాని పేరు హైడ్రేంజియా. ఆ పేరు నా నోటికి తిరగడానికే చాలా రోజులు పట్టింది. మా లైన్‌లో మాత్రం అందరికీ అది ఊటీ పువ్వే.

ఆ పువ్వు గురించి నాకు తెలిసినదంతా ఒక తగాదా పుణ్యమా అని తెలిసింది. తగాదా రాకపోతే నేనూ అందరిలాగే నీళ్లు పోసి, పూస్తే చూసి సంతోషపడి ఊరుకునేదాన్ని.

తగాదా వచ్చింది పక్క క్వార్టర్ అక్కతో. సొంత అక్క కాదు. కానీ నేను పెళ్లై ఈ లైన్‌కు వచ్చిన రోజు పొయ్యి వెలిగించకముందే ఆమె ఇంట్లోనుంచి చాయ్ వచ్చింది. అప్పటినుంచి ఆమె అక్క, ఆమె భర్త బావ. మా రెండు ఇళ్ల మధ్య నడుమెత్తు గోడ. కూర గిన్నెలు, చంటిపిల్లలు, చాడీలు అన్నీ ఆ గోడ మీదుగానే అటూ ఇటూ పోయేవి. మా ఆయన బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. బావ భూమి లోపలికి దిగే గనిలో పనిచేసేవాడు. మా దిక్కు దాన్ని బాయి అంటారు.

ఒక మే నెలలో మేం రెండు జంటలం కలిసి ఊటీ పోయాం. అక్కడ ఆ పూలు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. ఇళ్ల ముందు, రోడ్డు పక్కన, ఆఖరికి బస్టాండు మూత్రశాల గోడ పక్కన కూడా క్యాబేజీ అంతేసి గుత్తులు. ఇంత అందాన్ని ఇక్కడ పెట్టారేమిటా అని నేనూ అక్కా నోరు తెరుచుకుని చూశాం.

బావ గురించి ఒక మాట చెప్పాలి. బజారుకు పోతే అక్క చూపించినదానికల్లా తల ఊపడం తప్ప, తనంతట తానుగా ఒక జాకెట్ గుడ్డ కొని తెచ్చిన మనిషి కాదు. అలాంటివాడు ఆ సాయంత్రం చెప్పాపెట్టకుండా ఎటో పోయి, నల్ల కవరులో ఒక మొక్కతో తిరిగొచ్చాడు. దానికి ఒకే ఒక్క గుత్తి, నీలం రంగుది. తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

"ఏందయ్యా, గింత వయసొచ్చినంక పువ్వు తెచ్చినవ్?" అంది అక్క.

"బాయిలకెల్లి పైకి రాంగనే మొదలు కండ్లవడేది గీ రంగే. ఎన్నేండ్ల నుంచో చూస్తున్న. నీకెట్ల సూపియ్యాల్నో తెలువకపాయె. గిప్పుడు దొరికింది" అన్నాడు బావ.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రూముకు చేరేదాకా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఒళ్లు ఉడికిపోయింది. ఊరుకుంటానా? మా ఆయన్ని ఆ అమ్మే మనిషి దగ్గరికే తోలి, అదే రంగు మొక్క తెప్పించాను. ఆయన "ఇగో" అని చేతిలో పెట్టాడు. అంతకుమించి ఒక్క మాట రాలేదు. రెండు మొక్కల్నీ తడిగుడ్డలు చుట్టి, రైల్లో సీటు కింద పసిపిల్లల్లా దాచుకుని తెచ్చుకున్నాం.

ఇంటికి రాగానే అక్కకు కబురు. మందమర్రిలో ఉన్న బిడ్డకు కాన్పు దగ్గరపడింది. అక్కకున్నది ఆ ఒక్క బిడ్డే. మొక్కను అప్పటికప్పుడు కుండీలో నాటి, సంచి సర్దుకుంటూనే గోడ మీదుగా నాకు అందించింది.

"చెల్లె, గీయనకు తను అన్నం తిన్నదే యాదికుండది, మొక్కకు నీళ్లేం పోస్తడు. నేనొచ్చేదాంక నీ కాడ ఉంచుకో."

అలా ఆ ఎండాకాలం రెండు కుండీలూ మా వరండాలో, కూలర్ పక్కన చేరాయి. పొద్దున్నే నిటారుగా ఉన్న ఆకులు మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయ్యే వేళకు పిండి ఆరేసిన బట్టల్లా వేలాడేవి. అయిపోయింది, చచ్చిపోయింది అనుకునేదాన్ని. పొద్దుగూకేసరికి మళ్లీ లేచి నిలబడేవి. రోజూ ఇదే తంతు. తెచ్చిన పూలు ఎండి కాగితమయ్యాయి కానీ వానలు మొదలయ్యేసరికి రెండింటికీ కొత్త చిగుళ్లు వచ్చాయి. చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచివచ్చింది.

వానాకాలం మా నల్లా నీళ్లు చాయ్ రంగులో ఉంటాయి. గోదావరికి కొత్తనీరు వస్తే అంతే. అక్క ఇంట్లో అల్లుడు ఫిల్టర్ పెట్టించాడు. మాకు లేదు. మా అమ్మ చేసినట్టే నేనూ బిందెలో పటికబిళ్ల నాలుగు తిప్పులు తిప్పి వదిలేస్తాను. బురద అడుక్కు పోతుంది, పైన తేటనీళ్లు తాగుతాం. అడుగు నీళ్లు పారబోయడానికి మనసొప్పక మొక్కలకు పోస్తాను. ఆ వానాకాలమూ అదే చేశాను.

వానలు తగ్గాక అక్క వచ్చి తన కుండీ తాను తీసుకుపోయి నల్లా పక్కన పెట్టుకుంది. చలి మొదలైన రోజుల్లో బావ పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. అక్క నన్ను పిలిచిన పిలుపు నేను చచ్చేదాకా మరచిపోను. ఆ గోడ దూకి ఎలా వెళ్లానో నాకే తెలియదు.

మా దిక్కు మనిషి పోతే దినాల ముందు ఇల్లంతా కడిగి సున్నం వేస్తారు. క్వార్టర్లలో ఇంకో అలవాటు కూడా ఉంది. గోడలకు వేసిన చేత్తోనే చెట్ల మొదళ్లకు, పూల కుండీలకు కూడా ఒక తెల్లని చుట్టు గీస్తారు. అక్క ఇంటికీ అలాగే వేశారు. ఆ రోజుల్లో ఎవరు ఏం చేశారో చూసే స్థితిలో మేం ఎవరమూ లేము.

చలి పోయేసరికి రెండు మొక్కలకూ మొగ్గలొచ్చాయి. పచ్చగా, ఆవగింజల ముద్దలా. ఇంట్లోనుంచి బయటికే రాని అక్క వాటికోసం రోజూ గోడ దగ్గరికి రావడం మొదలుపెట్టింది.

"నీలమే వస్తదంటవా చెల్లె?"

"నీలంది నీలం గాక ఇంకేమొస్తదక్కా?"

ఆ మాట నేను ఎందుకన్నానో. నాది నీలమే వచ్చింది. అక్కది గులాబి వచ్చింది. జాతరలో అమ్మే పీచుమిఠాయి గులాబి. గోడకు ఇటు నీలం, అటు గులాబి. మొదటిరోజు అక్క చూసి లోపలికి పోయింది. మరునాటినుంచి గోడ దగ్గరికి రావడం మానేసింది.

మా లైన్ ఆడవాళ్లు ఊరుకుంటారా? నీళ్లు పట్టుకునే చోట ఒకామె, ఊటీవాళ్లు రంగు అద్ది అమ్మారంది. బతుకమ్మకు మేం గునుగు పూలను రంగునీళ్లలో ముంచుతాం కదా, అలాగన్నమాట. అద్దిన రంగు దిగిపోయి అసలు రంగు బయటపడిందట. "మరి ఈమెది ఎట్ల దిగలే?" అంది ఇంకొకామె. అందరూ నావైపు చూశారు. అక్క బకెట్ ఎత్తుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా ఒక్క మాట అంది.

"ఎండకాలం రెండు కుండీలు ఒక్క కాడనే ఉండె."

ఒంటికాలి మీద లేచాను.

"ఏందక్కా, నేను మార్చిన్నంటున్నవా?"

"నేను గట్ల అనలే."

"ఇంకెట్లంటరు? ఇంతమందిల నన్ను దొంగను జేస్తివి గద."

అప్పుడు అక్క బకెట్ కింద పెట్టి, మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా అంది. "నీకు ఏ రంగైనా పువ్వే చెల్లె. నాకు గట్ల గాదు. ఆయన నాకు సూపిచ్చిన రంగది. కావాలని చేసినవంటలే. అటుదిటు అయ్యిందేమో. జర సూడు."

తిట్టినా బాగుండేది. ఆ మాట తిట్టుకన్నా లోపలికి దిగింది. ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తేశాను, పప్పు మాడగొట్టాను. మా ఆయన సంగతంతా విని, "నీలందే ఇచ్చెయ్‌రాదు, లొల్లి వోతది" అన్నాడు. ఆయనకు అన్నీ అంత తేలిక. ఇస్తే నేను దొంగనని ఒప్పుకున్నట్టే. అది పోనీ. అక్క మొక్క మొదట్లోనే రెండు కొమ్మలుగా చీలి ఉంటుంది, నాది ఒంటికాడ. ఎండాకాలమంతా చూసినదాన్ని, ఏది ఎవరిదో నాకు తెలియదా? కానీ నా మాట తప్ప సాక్ష్యం లేదు. నాది ఇచ్చేస్తే, బావ తెచ్చింది అనుకుని అక్క బతికినంతకాలం నా మొక్కకు నీళ్లు పోస్తుంది. బావ తెచ్చింది నా ఇంట్లో పడి ఉంటుంది. ఆ ఆలోచన నాకు అస్సలు మింగుడు పడలేదు.

అందుకని పువ్వు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కోపంతోనే కూర్చున్నాను, ఎందుకిట్ల చేశావని దాన్నే నిలదీయడానికి. కానీ దగ్గరగా చూస్తున్నకొద్దీ కోపం ఎటో పోయి ఆశ్చర్యం పట్టుకుంది. మనం రేకులు అనుకునేవాటి నడుమ ఒక చిన్న పూస ఉంది, గసగసాల గింజకన్నా కొంచెం పెద్దది. అన్నీ కాదు గాని, కొన్ని పూసలు ఒక పొద్దున విచ్చుకున్నాయి. లోపల బుల్లి పువ్వు. అసలు పువ్వు అదన్నమాట. మనం చూసి మురిసిపోయే రంగు రేకులు దాని చుట్టూ ఉన్న రక్షక పత్రాలట. మా గేటు మీద పాకిన కాగితం పువ్వు చెట్టును పోయి చూశాను. అదీ అంతే, రంగు ఆకుల మధ్య తెల్లటి చిన్న పువ్వు. ఇన్నేళ్లు రోజూ దాని కిందినుంచి నడుస్తూ ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాత నాకు పిచ్చి పట్టిందని మా ఆయన అంటాడు. ఎప్పుడు చూసినా ఫోన్‌లో ఆ పువ్వు వీడియోలే. కొండల్లో తోట పెంచే ఒక పెద్దాయన హిందీలో ఓపికగా చెప్పేవాడు. దాని చుట్టాలు హిమాలయాల్లో అడవి వాలుల్లో ఉంటాయట. వాటి గుత్తి మన గుత్తిలా గుండ్రంగా ఉండదు, పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. నడుమంతా బుల్లి పూలు, అంచున మాత్రం పెద్ద రేకులవి నాలుగైదు. అంచునున్నవి తేనెటీగల్ని పిలవడానికి, నడుమనున్నవి గింజ కట్టడానికి. తోటల కోసం మనుషులు పెంచిన రకంలో దాదాపు అన్నీ అంచువే అయిపోయాయట. అంటే ఇంటినిండా పెళ్లికి పిలిచేవాళ్లే, పెళ్లికూతురు మాత్రం ఎక్కడో మూల. నేను ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఆ చుట్టాల్లో ఒకటి తీగై పెద్ద పెద్ద చెట్లెక్కుతుందట కూడా. కాసిపేట దిక్కు ఒక పెళ్లికి పోతున్నప్పుడు అడవిదారిలో మా ఆయనతో బండి ఆపించి, చుట్టమనేది ఒక్కటైనా కనిపిస్తుందేమోనని వెతికాను. లేదు. మా దగ్గర దానికి నా అన్నవాళ్లు ఎవరూ లేరు.

ఒకరోజు ఆ పెద్దాయనే, రంగు మొక్కలో ఉండదు, మట్టిలో ఉంటుంది అన్నాడు. తెల్లపూల రకం సంగతి వేరట గాని, మనలాంటి రకానికి మట్టిని బట్టి రంగు మారుతుందట. మట్టి పులుపుగా ఉండి, అందులో ఫిట్కరీ కలిస్తే నీలం. సున్నం కలిస్తే గులాబి.

ఫిట్కరీ అంటే పటిక. నా బిందె అడుగు నీళ్లు. వీడియో అయిపోకముందే ఫోన్ పక్కన పడేసి గోడ దగ్గరికి ఉరికాను. అక్క ఇంట్లో లేదు. వంగి ఆమె కుండీలో ఎండుటాకులు పక్కకు జరిపాను. మట్టి మీద తెల్లటి పెచ్చు. గోటితో గీకితే పొడి రాలింది. కుండీ అంచున ఉన్న తెల్లని చుట్టు రంగే.

గెలిచాను. గంతులేయాలి కదా? ఎండుటాకుల్ని మళ్లీ మట్టి మీదికి జరిపాను. ఆ సున్నం ఎప్పటిదో నాకు గుర్తొచ్చింది. బావ దినాలది.

అక్కకు ఆ మాట చెప్పలేకపోయాను. సున్నం తగిలి రంగు మారిందని మాత్రం చెప్పి, ఫోన్ చూపించాను. ఆమె చివరిదాకా చూసింది.

"ఫోన్ల ఎవలకు తోచింది వాళ్లు చెప్తరు చెల్లె."

"అయితె ఒక్క యేడు ఆగు. నీ కండ్లతోనే సూద్దువు."

ఆగింది. నా నీలం మొక్క కొమ్మలు కోసి పాత డబ్బాల్లో నాటాను. గింజ కట్టదు కాబట్టి దానికి కొమ్మే దారి. అవి వేళ్లు పట్టాక మట్టిలో కావాలనే సున్నం కలిపాను. రెండు కుళ్లిపోయాయి, ఒకటి బతికింది. అక్క కుండీలో పై పెచ్చంతా గీకేసి, మట్టి మార్చి, వానాకాలమంతా పటిక నీళ్లే పోశాను. నేను పోస్తున్నంతసేపూ అక్క గడపలో కూర్చుని నా చేతులే చూసేది. మళ్లీ ఏదైనా అటుదిటు చేస్తానేమోనని కావచ్చు. నాకు ఉక్రోషం వచ్చేది, కళ్లలో నీళ్లూ వచ్చేవి. అయినా ఒక్క పూటా మానలేదు. ఆ ఏడాది మా ఇద్దరి మధ్య గోడ మీదుగా నీళ్లు తప్ప ఏమీ పోలేదు.

మళ్లీ మార్చి వచ్చింది. ముందు నా డబ్బాలోని పిల్లమొక్క పూసింది. నిమ్మకాయంత గుత్తి. నీలం తల్లికి పుట్టింది, గులాబి. దాన్ని గోడ మీద పెట్టాను. అక్క వచ్చి అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. అది నా మొక్క నుంచి కోసిందేనని ఆమెకు తెలుసు, కోస్తున్నప్పుడు చూసింది.

తర్వాత అక్కది విచ్చింది. ఒక కొమ్మ ఇంకా తేలలేదు, వంకాయ రంగులో ఆగిపోయింది. రెండో కొమ్మ నీలం. ఊటీలో బావ చేతిలో చూసిన నీలమే.

పిలిస్తే అక్క చేతిలో చీపురుతోనే వచ్చింది. చూసి, ఉన్నచోటనే కుండీ పక్కన కూలబడింది. చాలాసేపు పువ్వునే చూసింది. తర్వాత చేయి చాపి కుండీ అంచున ఉన్న తెల్లని చుట్టును తడిమింది.

"అయితె గా సున్నమేనా చెల్లె?"

"సున్నమే అక్కా."

"ఆయన దినాలకు సున్నమేసినంక బకెట్ కడిగింది నేనే. గా నీళ్లు తులసికి తగులొద్దని గీ కుండిల పోసిన." ఆ తెల్లని చుట్టును గోటితో గీకింది. "ఒక్కపారి గాదు. ఎన్నిసార్లు కడిగితె అన్నిసార్లు పోసిన. నా చేతులతోనే పోగొట్టుకుని, నిన్నంటి."

గోడ దూకి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. బావ పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు.

అక్క కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసే రోజు వచ్చింది. బావ లేడు కాబట్టి ఎప్పటికైనా చేయాల్సిందే. అక్క మందమర్రిలో బిడ్డ దగ్గరికి పోతోంది. సామాన్లన్నీ ఆటోలోకి ఎక్కించాక, కుండీ ఎత్తుకుని గోడ దగ్గరికి వచ్చింది. ముందు సీటులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే కదలదని నేను చెప్పబోయాను. ఆమె కుండీని గోడ మీద పెట్టి నావైపు జరిపింది.

"ఆడ బోరు నీళ్లు చెల్లె. గిన్నెలకు సున్నం లెక్క తెల్లగ కరుసుకుంటది. ఆడికి కొంటవోతె మళ్ల గులాబైతది. ఆయన రంగు నీ కాడ ఉండనీ. నీది నాకియ్యి. అది గులాబైనా నాకు రంది లేదు."

"అక్కా, గిది బావ తెచ్చింది."

"అందుకనే నీకిస్తున్న. మార్చినవ్ అన్న గద. ఇగ నేనే మారుస్తున్న."

నా మొక్కను ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దిగిపోయేదేమో.

ఇప్పుడు మా గేటు దగ్గర పూస్తున్నది ఆ రెండు కొమ్మల మొక్క. మాకూ ఫిల్టర్ వచ్చింది గాని దానికోసం బిందెలో పటిక తిప్పుతూనే ఉన్నాను. అందుకే ఎవరినీ గిల్లనివ్వను. మార్చి నెల వస్తే అక్క ఫోన్ చేస్తుంది. ముందు నా బాగోగులు అడగదు.

"నీలమేనా?" అంటుంది.

"నీలమే అక్కా" అంటాను.

తర్వాత మనవరాలి ముచ్చట మొదలుపెడుతుంది.